నా కండ్లను తిన్న కంప్యూటర్

ఛాయ్ చల్లారితే చల్లారనీయుండ్రి గాని, ముందుగాల నా ముచ్చట వినుండ్రి. ఈ పదిహేను దినాలల్ల నేను చేసిన ఘనకార్యం మన కరీంనగర్ల ఇంకెవ్వలు చేసి ఉండరు. ఏ పాపం ఎరుగని ఒక కంప్యూటర్ మీద లేని నింద మోపి, ఆఫీసు ఆఫీసంతటి తోని సంతకాలు పెట్టిచ్చి, దాన్ని జీపు ఎక్కించి ఆదిలాబాద్ తోలిచ్చేదాక తెచ్చిన! దాని తప్పేంది? ఏం లేదు. మరి తప్పెవలిది అంటరా? చెప్త, చెప్త. నవ్వద్దు మల్ల.

నా సంగతి మీకు ఎరికే గద. పన్నెండేండ్ల సంది సర్కారు ఆఫీసుల టైపిస్టును. నాలుగు కాపీలు కావాలంటే నడుమ మూడు కార్బన్లు పెట్టాలె. ఆఖరి లైన్ల ఒక్క అక్షరం తప్పు పడ్డదనుకోండ్రి, ఇగ అంతే! నాలుగు కాగితాలు గీకాలె. గీకితే బొక్క పడ్తది. బొక్క పడితే మా హెడ్ క్లర్క్ రాజలింగం సారు ఆ కాగితం పైకి లేపి, బొక్కలకెల్లి నన్ను చూసి, "సుశీలమ్మా, గీ దాంట్లకెల్లి మీ ఇల్లు కనబడ్తుందమ్మా" అంటడు. మల్ల మొదటికెల్లి కొట్టాలె.

అసొంటిది, పోయిన ఎండాకాలం మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది! నేర్చుకునేతందుకు నన్నే పట్నం పంపిన్రు, పది దినాల ట్రైనింగు. వాపసు వచ్చేసరికి దానికి ఒక రూం తయారై ఉన్నది. కిటికీలకు పరదాలు, నేల మీద మెత్తటి చాప, గోడకు ఏసీ! మా ఆఫీసర్ సారుకే ఏసీ లేదు. చెప్పులు బయట ఇడిసి లోపలికి పోవాలె. మా అటెండర్ మల్లయ్య దానికి కుంకుమ బొట్టు పెట్టిండు, కొబ్బరికాయ మాత్రం బయట మెట్ల మీద కొట్టిండు, లోపల కొడితే నీళ్లు పడి షాక్ కొడ్తదని. "మేడం, దానికేమో చల్లగుండాలె, మనకేమో ఫ్యాను సుత సక్కగ తిర్గది" అని ఏసీ ముంగట ఒక్క నిమిషం నిలబడి మొఖం సల్లబర్చుకొని పోయేటోడు.

నల్లటి తెర, దాని మీద ఆకుపచ్చటి అక్షరాలు. తప్పు పడ్డదా? ఒక్క బటన్ ఒత్తు, పోయింది! బొక్క లేదు, గీకుడు లేదు. మొదటి దినం నేను కావాలని తప్పులు కొట్టి చెరిపేసిన, ఊకె సంబురానికి. నిజం చెప్పాల్నంటే నాకు దాని మీద పానం పడ్డది.

కాని చుట్టుపక్కల ఒక్కరన్నా ఊకుంటెనా! "దాంట్లకెల్లి కిరణాలు వస్తయట, సీదా కండ్లల్లకే పోతయట" అని రాజలింగం సారు. "ఏడాది దాక కనబడ్తది, అటెన్క కనబడది" అని ఇంకొకలు. ఇంట్ల మా అవ్వ సంగతి ఇగ చెప్పద్దు. బాపు పోయినంక మేమిద్దరమే ఉంటున్నం గద, మిషన్ కాంపౌండ్ల చర్చి ఎన్క ఇంట్ల. రోజు అన్నం పెట్టుకుంట అదే పాట.

"బల్బును చూసుకుంట కూసున్నట్టే గదనే బిడ్డా! ఏ తల్లన్న పిల్లను బల్బు దిక్కు చూడు అంటదా?"

"బల్బు కాదవ్వా, అది తెర."

"తెర అయితే ఎన్కకెల్లి వైరెందుకున్నది?"

ఏం చెప్తరు చెప్పుండ్రి!

ఇప్పుడు అద్దాల సంగతి వినుండ్రి. నాకు దూరం చూపు జర తక్కువ, చిన్నప్పటి సందే అద్దాలున్నయ్. జూన్ల డాక్టరమ్మకు చూపిచ్చుకొని, గడియారం టవర్ కాడ దుకాణంల కొత్తయి తీసుకున్న. గోధుమ రంగు ఫ్రేము, పెద్ద పెద్ద అద్దాలు, సగం మొఖం కప్పుతయ్. రాజలింగం సారు చూసి, "మంచిగున్నయమ్మా సుశీలమ్మా, ఏడ తీసుకున్నవ్?" అని అడిగిండు. చెప్పిన. ఆయన సుత పోయి గదే డాక్టరమ్మకు చూపిచ్చుకొని, గదే దుకాణంల గసొంటి ఫ్రేమే తెచ్చుకున్నడు. ఆ దుకాణపాయన పట్నం నుంచి ఒక్క డబ్బా తెచ్చిండట, అన్నీ గవే. అప్పటికి టవర్ చుట్టు తిరిగెటోళ్లల్ల సగం మంది మొఖాలు అక్కాచెల్లెండ్ల లెక్క ఉండె.

రాజలింగం సారంటే అల్లాటప్పా మనిషి కాదు. వేములవాడ కాడ ఊరు, పొలాలున్నోళ్లు, రోజు బస్సుల వచ్చిపోతడు. ఇస్త్రీ అంగి నలగనియ్యడు, మాట పడడు. కంప్యూటర్ ను ఇప్పటిదాక వేలు పెట్టి ముట్టలే. లెటర్ అయిందా అని చూడనీకి వస్తే గడప కాడ్నే నిలబడి మెడ ముంగటికి చాపుతడు.

ఒక దినం ముసురు పట్టింది. బయట ఉక్క, లోపల ఏసీ. ఏదో అర్జెంటు లెటర్ ఉండె, సారు గడప దాటి లోపలికి వచ్చి, గంట సేపు నా ఎన్క నిలబడి చెప్పుకుంట కొట్టిచ్చిండు. అయినంక ఇద్దరం బయటికి వచ్చినం. రాంగనే ఏమైంది? చల్లటి అద్దాలకు ఉక్క తగిలి ఇద్దరి అద్దాలు తెల్లగ పొగ కమ్మినయ్! ఏం కనబడ్తలేదు. ఇద్దరం తీసి సారు బల్ల మీద పెట్టినం. గప్పుడే మల్లయ్య ఛాయ్ తెచ్చిండు, ఎవలో ఇంటికెల్లి సర్వపిండి తెచ్చిన్రు. తిన్నం, తాగినం, చేతులు తుడ్సుకున్నం, అద్దాలు తుడ్సుకున్నం, పెట్టుకున్నం, ఎవల కుర్సీలకు వాళ్లం పోయినం.

అగో, మీరు అప్పుడే నవ్వుతుండ్రు! మీకు అర్థమైంది. మాకు కాలే. పదకొండు దినాలు కాలే!

ఆ పొద్దుమీకి కంప్యూటర్ ముంగట కూసుంటే అక్షరాలు సన్నగయినయ్. సన్నగ, నల్లపూసల లెక్క. కండ్లు లోపలికెల్లి ఎవలో గుంజుతున్నట్టు. నెత్తి నొప్పి, కండ్లల్ల నీళ్లు. మెట్లు దిగుతుంటే నేల ఒక జానెడు దూరం పోయినట్టు అనిపిచ్చింది. ఆగిన. రెయిలింగ్ పట్టుకున్న. "అయ్యో దేవుడా, కిరణాలు!" అనుకున్న.

ఇంటికొచ్చి అద్దాలు తీసి మొఖం కడుక్కుంటే నెత్తి నొప్పి తగ్గింది. మరి తీసినంక తగ్గితే ఏమనుకోవాలె? అద్దాల మీద అనుమానం రావాలె గదా! నాకేం వచ్చిందో తెలుసా? "చూసినవా, కంప్యూటర్ కు దూరం రాంగనే తక్కువైంది" అనుకున్న. పన్నెండేండ్ల సర్వీసు, ఇంటర్ పాసు, పట్నంల ట్రైనింగు!

అవ్వకు చెప్పుడే తప్పయింది. మర్నాటి సంది మొదలు పెట్టింది. పొద్దుగాల లేవంగనే గాజర్లు, అదే క్యారెట్లు. నడినెత్తి మీద ఆముదం, అరికాళ్లకు ఆముదం. పండుకుంటే కండ్ల మీద కీరదోసకాయ ముక్కలు. వారంల మూడు దినాలు మేక కార్జం. "కార్జం తింటే చూపు ఉరికొస్తది" అన్నది. చూపు రాలే గాని, ఆముదం వాసనకు మల్లయ్య మాత్రం నా టేబుల్ కాడికి వచ్చుడు బందు చేసిండు. ఛాయ్ తలుపు కాడ పెట్టి, "మేడం, ఛాయ్!" అని ఒర్లి పోతుండె.

అటు రాజలింగం సారు పరిస్థితి ఇంకా ఖరాబు. నావి తక్కువ పవర్ అద్దాలు, ఆయనకు ఎక్కువ పవర్ కావాలె. నావి పెట్టుకుంటే ఆయనకు చేతుల ఉన్న కాగితం కనబడ్తది, గది అవతల ఉన్న మనిషి కనబడడు. ఒక దినం బస్టాండ్ల బోర్డు చదువరాక, మనుషుల గుంపును చూసి, గదే వేములవాడ బస్సు అనుకొని ఎక్కిండట. సీటు దొరికిందని నిద్రపోయిండు. కండక్టర్ లేపి, "జమ్మికుంట వచ్చింది, దిగుండ్రి సారూ" అన్నడు. ఆయన పోవాల్సింది పడమర, పోయింది తూర్పు! దిగి చూస్తే చుట్టు పత్తి బస్తాలు. ఇంటికి చేరేసరికి ఇంట్లోళ్లు పరేషాన్ అయి పొరుగోళ్లను పోగేసిన్రట.

ఇది నాకు ఆయన చెప్పలే, పెద్దమనిషి గద! మల్లయ్యకు వేములవాడల తెలిసినోళ్లు చెప్పిన్రు.

అటెన్క రెండు దినాలకు అసలు పని జరిగింది. మా ఆఫీసర్ సారు వరండల నిలబడి ఏదో ఫైలు చూస్తుండు. తెల్ల అంగి వేసుకున్నడు. మల్లయ్య సుత తెల్ల అంగే వేస్తడు. రాజలింగం సారు తన కుర్సీలకెల్లి చూసి, గట్టిగ, "ఏమయ్యా! పొద్దుగాల సంది తిర్గుతున్నవ్ గాని ఛాయ్ ఏదయ్యా? జర సిగ్గుండాలె!" అన్నడు.

ఆఫీసంత ఫైళ్లల్ల తలకాయలు పెట్టింది.

ఆఫీసర్ సారు మెల్లగ వచ్చి, బల్ల ముంగట నిలబడి, "చక్కెర ఎంత వెయ్యాలె రాజలింగం గారూ?" అన్నడు.

పాపం, మా సారు మొఖం చూడాలె మీరు! లేచి నిలబడ్డడు, చేతులు జోడిచ్చిండు. నోట్లెకెల్లి వచ్చింది ఒక్కటే మాట: "సార్... నాకు కనబడ్తలేదు సార్."

నేను లేచి ఉరికి పోయి, "సార్, నాకు సుత!" అన్న.

"ఎప్పటి సంది?" అన్నడు ఆఫీసర్.

ఇద్దరం దినం లెక్క పెట్టుకున్నం. ఇద్దరికీ ఒక్కటే దినం! ఆ అర్జెంటు లెటర్ కొట్టిన దినం! గంట సేపు ఆ రూంల ఇద్దరం ఉన్న దినం! ఇగ ఇంతకు మించి సాక్ష్యం ఏం కావాలె?

"నేను ముట్టలే సార్, ఉత్తగ ఎన్క నిలబడ్డ, అంతే" అన్నడు రాజలింగం సారు. "నా టేబుల్ ఆ గోడకే ఉంటది. కిరణాలు గోడల నుంచి సుత వస్తున్నట్టున్నయ్."

ఆ మాట అన్నడో లేదో, గోడకు ఆనుకొని కూసున్న ఇద్దరు లేచి కుర్సీలు ఇవుతలికి గుంజుకున్నరు. మల్లయ్య, "నాకు మొన్నటి సంది ఎడమ కన్ను కొట్టుకుంటుంది సారూ" అన్నడు. ఇంకొకలకు మసక మసక. ఇంకొకలకు దురద. పొద్దు తిరిగేసరికి ఏడుగురికి కండ్లు పోయినయ్!

అందరు కలిసి అర్జీ పెడ్దామన్నరు. ఎవలు కొట్టాలె? నేనే గద టైపిస్టును. కంప్యూటర్ మీద కొడ్దామని లేస్తుంటే మల్లయ్య అడ్డం తిరిగిండు.

"దాని మీద అర్జీ దాంట్లనే కొడ్తరా మేడం? దానికి తెల్వదా?"

అందరు తలలూపిన్రు. నేను సుత ఊపిన! పాత టైపు మిషన్ గుడ్డ తీసి దాని మీదనే కొట్టిన. కంప్యూటర్ వల్ల సిబ్బంది చూపు దెబ్బతింటున్నది, దయచేసి దాన్ని వేరే కాడికి తరలించాలె అని. మొదటి సంతకం నాది. కొడుతుంటే మాత్రం మనసు ఎట్లనో అయింది. ఆ ఆకుపచ్చ అక్షరాలు, తప్పు చెరిపేసే ఆ బటన్... మల్ల బొక్కల కాగితాల కాడికే వాపసు పోవుడు. కాని కండ్ల కంటె ఎక్కువనా? అవ్వను ఎవలు చూస్తరు, నాకు చూపు పోతే? నిజంగ ఏడుపొచ్చింది. కండ్లద్దాలు తీసి తుడ్సుకొని మల్ల గవే పెట్టుకున్న. అప్పుడన్న చూస్తెనా!

ఆఫీసర్ సారు అర్జీ చదివి, "ఆదిలాబాద్ ఆఫీసోళ్లు మూడు నెలల సంది మాకు కంప్యూటర్ కావాలె అని మొత్తుకుంటుండ్రు. శనివారం పొద్దుగాల జీపుల పంపిచ్చేద్దాం. మీరిద్దరు మాత్రం ఆ దినం డాక్టర్ కాడికి పోయి చిట్టీ తేవాలె. పైకి రాయాలంటే కాగితం ఉండాలె గద" అన్నడు.

శనివారం డాక్టరమ్మ కాడికి ఇద్దరం పోయినం. బస్టాండ్ దగ్గర చిన్న దవాఖాన ఆమెది. బెంచి మీద పక్కపక్కన కూసున్నం. రాజలింగం సారు ఒంటి మీద ఇస్త్రీ అంగి లేదు ఆ దినం. మెల్లగ అన్నడు, "సుశీలమ్మా, నాకు ఇంకా మూడేండ్ల సర్వీసు ఉన్నది. చూపు లేకుంటే ఎట్ల? చిన్నోని చదువు సుత కాలే." "ఫికర్ చెయ్యకుండ్రి సార్, కార్జం తినుండ్రి" అన్న. ఇంకేం అంట?

ముందు నన్ను పిలిచిన్రు. డాక్టరమ్మ లైటు పెట్టి చూసింది, గోడ మీది అక్షరాలు చదివిచ్చింది, మారుస్తు మారుస్తు అద్దాలు పెట్టింది. అటెన్క నా అద్దాలు తీసుకొని ఒక మిషన్ల పెట్టి చూసి, నొసలు ముడ్సుకున్నది.

"ఇవి ఎప్పుడు తీసుకున్నవమ్మా?"

"జూన్ల."

"పవర్ ఎవలు రాసిచ్చిన్రు?"

"మీరే రాసిచ్చిన్రు గద డాక్టరమ్మా!"

ఆమె రిజిస్టర్ తీసింది. వేలు పెట్టి పైకెల్లి కిందికి చూసింది. "నేను రాసిచ్చింది దీంట్ల సగమే" అన్నది.

"చూసిన్రా!" అన్న నేను. "అద్దాల పవర్ సుత పెంచేసింది డాక్టరమ్మా ఆ కంప్యూటర్!"

ఆమె నా దిక్కు ఒక్క నిమిషం చూసింది. "ఆ సారును సుత లోపలికి రమ్మను" అన్నది. రాజలింగం సారును చూసింది, ఆయన అద్దాలు మిషన్ల పెట్టింది, రిజిస్టర్ల ఆయన పేరు తీసింది. "మీకు రాసిచ్చిన దాంట్ల ఇవి సగమే ఉన్నయ్" అన్నది. అన్నంక రెండు జతల అద్దాలు బల్ల మీద పక్కపక్కన పెట్టింది. రెండు గోధుమ రంగు. రెండు సగం మొఖం కప్పేటియే. వేలు తోని ఒకదాన్ని ఇటు నూకింది, ఇంకొకదాన్ని అటు నూకింది.

"ఇప్పుడు పెట్టుకోండ్రి."

పెట్టుకున్నం.

అమ్మా! ఏమని చెప్పాలె! గుంజుడు లేదు, నొప్పి లేదు, నేల ఉన్న కాడ్నే ఉన్నది. రాజలింగం సారు గోడ దిక్కు తిరిగి, పెద్ద అక్షరం నుంచి చిన్న అక్షరం దాక చదివిండు, ఆఖరుకు కింద మూలకున్న ప్రింటింగ్ ప్రెస్ పేరు సుత చదివిండు. పక్కకున్న కాలెండర్ చదివిండు. తలుపు అవతల బెంచి మీద ఉన్న వాళ్లందరిని చూసిండు. అప్పుడు నా దిక్కు తిరిగిండు. నేను ఆయన దిక్కు చూసిన. ఇద్దరం గోడ దిక్కు చూసినం.

డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని కిటికీ కాడికి పోయింది. భుజాలు కదులుతున్నయ్.

నాకు ఒక్కటే తోచింది. "డాక్టరమ్మా, మరి కంప్యూటర్ తోని కండ్లు పాడు కావా?"

ఆమె కండ్లు తుడ్సుకొని చెప్పింది. "అలసిపోతయమ్మా, పాడు కావు. తెర దిక్కు చూసుకుంట రెప్ప కొట్టుడు మర్సిపోతరు, గందుకు ఎండిపోతయి, మండుతయి. జర జర సేపటికి లేచి కిటికీలకెల్లి దూరం చూడు, రెప్పలు కొట్టు, నీళ్లు చల్లుకో. అంతే. కాని ఏ పని చేసినా నీ అద్దాలు పెట్టుకొని చెయ్యి."

బయటికి రాంగనే రాజలింగం సారు చెప్పులేసుకుంట మెల్లగ అన్నడు, "సుశీలమ్మా, గీ ముచ్చట మనిద్దరి నడుమనే ఉండాలె. డాక్టరమ్మ చుక్కల మందు ఇచ్చింది, తక్కువైందని చెప్దాం."

"గట్ల చెప్తే కంప్యూటర్ పోతది సార్! దానితోనే రోగం వచ్చింది, మందుతోని తగ్గిందంటరు. జీపు ఈ పాటికి తయారై ఉంటది!"

ఆయన ఆగిండు. ఇస్త్రీ లేని అంగి దిక్కు చూసుకున్నడు. నేను ఆగలే, రిక్షా పిలిచి సారును సుత ఎక్కిచ్చిన. రిక్షా ఆయనను ఉరికిచ్చిన, "జల్ది, జల్ది అన్నా, మనిషి పానం లెక్కనే అనుకో!" అని. ఆయన నిజంగనే దవాఖాన కేసు అనుకొని గంట కొట్టుకుంట పోయిండు.

గేటు కాడికి పోయేసరికి జీపు బర్రుమంటుంది. కంప్యూటర్ తెర మల్లయ్య గొంగడిల చుట్టి, ముంగట సీట్ల కూసోబెట్టిన్రు. డ్రైవర్ తాడు కడుతుండు. ఆఫీసర్ సారు కాగితాల మీద సంతకం పెడుతుండు. ఆఫీసంత వరండల నిలబడి చూస్తున్నరు. నేను రిక్షా ఆగకముందే దుంకి, "ఆపుండ్రి! కండ్లు దొరికినయ్!" అని ఒర్లిన.

అందరు నా దిక్కు చూసిన్రు. చెప్దామని రిక్షాలనే ఒక మంచి మాట తయారు చేసుకున్న, అది మర్సిపోయిన. ఇగ ఏమున్నది, సీదా చెప్పిన. "సార్, కంప్యూటర్ మంచిగనే ఉన్నది. నా కండ్లు మంచిగనే ఉన్నయ్. పదకొండు దినాల సంది నేను రాజలింగం సారు అద్దాలు పెట్టుకుంటున్న. ఆయన నాయి పెట్టుకుంటుండు."

అందరు ఒకసారి మా ఇద్దరి అద్దాల దిక్కు చూసిన్రు.

అప్పుడు ఎన్కకెల్లి రాజలింగం సారు దగ్గిండు. అనుకున్న, ఇగ నన్ను ఒక్కదాన్నే ఇడిసిపెడ్తడని. ముంగటికి వచ్చిండు, చేతులు కట్టుకున్నడు. "సగం తప్పు నాది సార్. మిమ్మల్ని ఛాయ్ అడిగిన తప్పు మాత్రం మొత్తం నాదే. చక్కెర సుత అవుసరం లేదు."

ఆఫీసర్ సారు జీపు తలుపు పట్టుకొని నవ్విండు చూడుండ్రి! కూసున్నడు, లేచిండు, మల్ల నవ్విండు. డ్రైవర్ తాడు ఇడ్సిండు. గోడకెల్లి కుర్సీలు గుంజుకున్నోళ్లు మాత్రం మెల్లగ లోపలికి పోయి ఎవ్వలు చూడకుంట కుర్సీలు మల్ల గోడకు పెట్టుకున్నరు. మసకలు పోయినయ్, దురదలు పోయినయ్. మల్లయ్య ఒక్కడే గొంగడి ఇప్పుకుంట అడిగిండు, "అంత బాగనే ఉన్నది మేడం, మరి నా కన్నెందుకు కొట్టుకుంటుంది?"

ఇంటికి పోయి అవ్వకు చెప్పిన. నవ్వుతదనుకున్న. అవ్వ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "అయ్యో" అన్నది.

"ఏందవ్వా?"

"ఏం లేదు బిడ్డా. అన్నం తిను."

ఏం లేదట! తెల్లారి ఆదివారం చర్చికి పోతే తెలిసింది ఏమున్నదో. ప్రసంగం అయినంక పాస్టర్ అయ్యగారు లేచి, గొంతు తగ్గిచ్చి అన్నడు, "మన సంఘం బిడ్డ సుశీలమ్మ, కంప్యూటర్ అనే యంత్రం ముంగట సర్కారు కొలువు చేసుకుంట చేసుకుంట చూపు పోగొట్టుకుంటున్నది. అందరు లేచి ఆమె కండ్ల కోసం ప్రార్థన చేద్దాం."

నేను అవ్వ దిక్కు చూసిన. అవ్వ కండ్లు గట్టిగ మూసుకున్నది. ప్రార్థనకు కాదు, నన్ను చూడకుండ.

సంఘమంత లేచింది. ఏమన్న చెప్పనిస్తెనా! ఆడోళ్లు ఏడుసుకుంట నా చుట్టు చేరిన్రు. ఒక పెద్దమ్మ నా అద్దాలు తీసి పక్కకు పెట్టి, రెండు కండ్ల మీద అరచేతులు ఒత్తి పట్టింది. నా పానం ఏడున్నది? ఆ అద్దాల మీద! చెయ్యి చాపి తడుముకొని గట్టిగ పట్టుకున్న, మల్ల ఎవలియి ఎవలకు పోతయో అని. ప్రార్థన సాగింది, సాగింది, ఇంకా సాగింది. ఆఖరుకు అయ్యగారు దగ్గరికి వచ్చి, అన్నిటికంటె చిన్న అక్షరాలున్న బైబిలు తీసి నా చేతుల పెట్టి, "బిడ్డా, జర ప్రయత్నం చెయ్యి. ఒక్క మాటన్న కనబడ్తదేమో" అన్నడు.

ఏం చెయ్యాలె? చదివిన. టైపిస్టును గద, పట్టాలు తప్పని రైలు లెక్క ఒక అధ్యాయం మొత్తం చదివేసిన. చర్చంత "స్తోత్రం! స్తోత్రం!" అని దద్దరిల్లింది. ఆ పెద్దమ్మ తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నది.

అందరు పోయినంక అయ్యగారిని పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన చాలాసేపు బైబిలు మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. తీసినంక, "అద్దాలు దొరికినయా లేదా?" అన్నడు. దొరికినయన్న. "మరి స్తోత్రమే గదమ్మా" అని పోయిండు.

అటు ఆఫీసుల నన్ను చూసి నవ్వుతుండ్రు, ఇటు చర్చిల నన్ను చూసి దండం పెడ్తుండ్రు. నిన్న చెన్నూరు నుంచి ఒక ముసలామె ఇల్లు వెతుక్కుంట వచ్చింది. రెండు కండ్లకు పొరలట. నన్ను జర చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యమన్నది! ఎంత చెప్పినా వినలే. ఆఖరుకు ఆమెను ఆఫీసుకు తీస్కపోయి, కంప్యూటర్ మీద డాక్టరమ్మ దవాఖాన పేరు, తొవ్వ, టైములు మంచిగ పెద్ద అక్షరాలల్ల కొట్టి, ఆ కాగితం చేతుల పెట్టి పంపిన. ఇంకో పది కాగితాలు సుత తీసి సంచిల పెట్టుకున్న. ఇంకెంతమంది వస్తరో ఎవలకెరుక!